చీటీ సొమ్ము పోయింది, స్టేషనుకు వెళితే ‘సివిల్ మేటరు’ అన్నారు

గాజువాక దగ్గర ఒక కాలనీలో, ఇంటి వీధిగదిలోనే బట్టలు కుడుతూ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఒక పాఠకురాలు, వకీలుగా నా సలహా కోరుతూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక ఆనవాళ్ళు తీసేసి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. ఆమెకు 51 ఏళ్ళు. భర్త ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తారు. భర్తకు పెదనాన్నగారి కోడలు, అంటే వరసకు ఈమెకు తోడికోడలే అయిన ఒకావిడ, పదేళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల చీటీలు నడుపుతున్నారు. 20 మంది సభ్యులు, నెలకు 10,000 రూపాయలు, 2 లక్షల చీటీ. నమోదు లేదు, ఒప్పందం కాగితం లేదు. ఉన్నదల్లా ఒక్కొక్కరి దగ్గర ఒక చిన్న పుస్తకం, అందులో నెలనెలా ఆవిడ పెట్టిన పొట్టి సంతకం.

మాఘమాసంలో కూతురి పెళ్ళి పెట్టుకుని, ఈమె 15వ నెలలో చీటీ పాడుకున్నారు. 30,000 తగ్గింపుకు పాట ఆగింది. 1,70,000 చేతికి రావాలి. అప్పటికి తగ్గింపులు పోను ఈమె కట్టినది 1,32,000. వారంలో ఇస్తానన్న ఆవిడ, తరువాత ‘మార్గశిరం వెళ్ళనీ, బురుజుపేట అమ్మవారి మీద ఒట్టు’ అన్నారు. మార్గశిరం వెళ్ళింది, ఆవిడా వెళ్ళిపోయారు. ఇంటికి తాళం, ఫోను పలకదు. రాజమండ్రిలో కూతురింట ఉన్నారని కొందరు, ఐపీ (దివాలా దరఖాస్తు) పెట్టబోతున్నారని కొందరు అంటున్నారు. సొంత ఇంటిని శ్రావణంలోనే కొడుకు పేర రాసేశారని, ఆ తరువాత కూడా దసరాకు ఇంకొక కొత్త చీటీ మొదలుపెట్టారని ఇప్పుడు తెలిసింది.

స్టేషనుకు వెళితే, అర్జీ తీసుకున్నాయన దాన్ని సగం చదివి, ‘ఇది సివిల్ మేటరమ్మా, చీటీ కట్టేటప్పుడు మమ్మల్ని అడిగి కట్టారా’ అన్నారట. రసీదు ఇవ్వలేదు. నాలుగు రోజుల తరువాత రాత్రి ఎనిమిదిన్నరకు రమ్మని ఫోను వచ్చింది. వెళితే అక్కడ ఆవిడ తమ్ముడు కూర్చుని ఉన్నారు. 50,000 ఇస్తాం, రాజీ అయినట్టు ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టండన్నారు. ఈమె పెట్టకుండా వచ్చేశారు. ‘మనవాళ్ళ మీద కేసు పెడితే రేపు పెళ్ళికి ఎవరొస్తారు’ అని భర్త అంటున్నారు. కేసు నిలుస్తుందా, రాత్రివేళ పిలిచే హక్కు పోలీసులకు ఉందా, 50,000 తీసుకోవడం నయమా అన్నవి ఆమె ప్రశ్నలు.

ఆరవ పేజీ మాత్రం వేరే ఇంకుతో ఉంది. మరునాడు రాసి జత చేసినట్టున్నారు. తన దగ్గర కుట్టు నేర్చుకునే ముగ్గురిని ఆ చీటీలో తానే చేర్పించానని, వాళ్ళ వాయిదాలు తన చేతికి, తన ఫోన్‌పేకి వస్తే తాను పోగుచేసి పంపేదాన్నని, ముగ్గురిని చేర్చినందుకు తనకు ఒక నెల వాయిదా మినహాయించారని అందులో రాశారు. ఇప్పుడు ఆ ముగ్గురూ ‘మేము నిన్ను చూసి కట్టాం, నీమీదే కేసు పెడతాం’ అంటున్నారట.

అమ్మా, మీ ఉత్తరానికి జవాబు ఆ ఆరవ పేజీ నుంచే మొదలుపెడతాను. మొదటి అయిదు పేజీల్లో మీరు అడిగినవి చట్టం గురించిన ప్రశ్నలు, ఆరవ పేజీలో ఉన్నది భయం. మీరు స్టేషనులో గట్టిగా నిలబడలేకపోవడానికి, రాత్రి పిలిస్తే వెళ్ళడానికి, ఆ భయమే కారణమని నాకు అనిపిస్తోంది. అర్జీలో ఆ ముగ్గురి సంగతి రాశారా లేదా అన్నది మీరు చెప్పలేదు, రాసి ఉండరు.

మోసం నేరంలో నిందితులు కావాలంటే మోసం చేయాలన్న తలంపు ఉండాలి, లేదా ఎదుటివారి మోసం తెలిసే దానికి తోడ్పడి ఉండాలి. మీరు మీ సొమ్మే 1,32,000 అందులో పోసుకున్నారు; ముగ్గురి సొమ్మూ వచ్చిన నెలలోనే వచ్చినట్టు పంపేశారు; చివరికి మీ పాట సొమ్మే మీకు రాలేదు. మోసంలో వాటా ఉన్నవారి లెక్క ఇలా ఉండదు. అయితే ఆ ఒక్క వాయిదా మినహాయింపు ఉంది చూశారా, దాన్ని మీరు దాచి, రేపు అవతలి వకీలు బయటపెడితే అది కమీషనులాగా కనిపిస్తుంది. మీరే ఇప్పుడు ఇచ్చే అర్జీలోనే, ఫలానా నెల వాయిదా 10,000 నాకు మినహాయించారు అని ఒక వాక్యం రాసేస్తే, అది దాపరికం లేని మనిషి చెప్పిన చిన్న సంగతిగా మిగులుతుంది. సంగతి ఒక్కటే, ఎవరి నోట ముందు వచ్చిందన్న దాన్నిబట్టి దాని రంగు మారిపోతుంది. ఆ ముగ్గురు మీమీద ఫిర్యాదు చేయకుండా ఆపే మార్గం మాత్రం చట్టంలో లేదు. చేస్తే పోలీసులు మిమ్మల్ని ప్రశ్నించవచ్చు. ఏడేళ్ళ వరకు శిక్ష ఉండే నేరాల్లో వెంటనే అరెస్టు చేయడం కాక, హాజరు కమ్మని నోటీసు ఇవ్వడం మామూలు పద్ధతి కావాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షను ఉద్దేశం. మీ బ్యాంకు స్టేట్‌మెంటు మీకు ఉన్న పెద్ద రక్ష. ముగ్గురి డబ్బు వచ్చిన తేదీ, అది ఆవిడకు వెళ్ళిన తేదీ పక్కపక్కనే కనిపించేలా 15 నెలలదీ ఈ వారంలోనే బ్యాంకులో ముద్ర వేయించి తీసుకోండి. చేతికి ఇచ్చిన రొక్కం లెక్క మాత్రం పుస్తకాల్లోని సంతకాలతోనే తేలాలి.

ఇక ‘సివిల్ మేటరు’ అన్న మాట. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను, ఎందుకంటే అప్పు తీర్చలేకపోవడం ఒక్కటే నేరం కాదు. చీటీ వేసినవాళ్ళు నిజాయితీగానే నడిపి, సభ్యులు ఎగ్గొట్టడం వల్ల మునిగిపోయిన సందర్భాలు కూడా ఉంటాయి. అటువంటప్పుడు సభ్యులకు మిగిలేది కోర్టులో డబ్బు దావాయే. మోసం అనడానికి, సొమ్ము తీసుకున్న నాటికే ఇవ్వకూడదన్న తలంపు ఉందని చూపాలి. ఆ తలంపు ఎవరూ కాగితం మీద రాసిపెట్టరు, చేసిన పనుల వల్ల తెలియాలి. అటువంటి పనులు మీ ఉత్తరంలోనే మూడు ఉన్నాయి, మీరు వాటిని ఊరి కబుర్లలాగా మధ్యలో ఎక్కడో రాశారు. ఇల్లు శ్రావణంలో కొడుకు పేర రాసేశారు. ఆ తరువాత కూడా మీ దగ్గర నెలనెలా వాయిదాలు తీసుకున్నారు. ఉన్న చీటీలకే సొమ్ము ఇవ్వలేని స్థితిలో దసరాకు కొత్త చీటీ మొదలుపెట్టారు. పైగా చివరి నాలుగు నెలల పాటలు పాడుకున్నవారు ఎవరో కాలనీలో ఎవరికీ తెలియదన్నారు. ఆ పేర్లు బినామీలైతే అది నాలుగవది. ఇల్లు బదిలీ అయిన మాట నోటి మాటగా మిగలకూడదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ ఇంటి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), దాన దస్తావేజు నకలు తీసుకోండి. రుసుము కొద్దిగానే ఉంటుంది, యజమాని అనుమతి అక్కర్లేదు.

ఈ సంగతులు ఉంటే, మోసగించి సొమ్ము ఇప్పించుకోవడం అన్న నేరం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను నాలుగవ ఉపసెక్షను కిందికి వస్తుంది. గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. వారెంటు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయదగిన నేరం. పాత చట్టంలో ‘420’ అని అందరి నోళ్ళలో నానిన అంకె ఇదే. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు కొత్త అంకెలు వర్తిస్తాయి. నమ్మి అప్పగించిన సొమ్మును వాడేసుకోవడం, అంటే నేరపూరిత నమ్మకద్రోహం, 316వ సెక్షను; దానికి అయిదేళ్ళు. ఇవి కాక, అనుమతి, నమోదు లేకుండా చీటీ నడపడమే 1982 చిట్ ఫండ్స్ చట్టం 4వ సెక్షనుకు విరుద్ధం, 76వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు గానీ, 5,000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ. కనుక ‘కాగితం లేని చీటీ, మేమేం చేయగలం’ అన్న మాటకు, కాగితం లేకపోవడం ఆవిడ వైపు తప్పు అన్నదే జవాబు. మీరు మాత్రం అర్జీలో ఏ సెక్షనూ రాయనక్కర్లేదు. సెక్షన్లు వేసుకోవడం స్టేషను అధికారి పని. జరిగినది జరిగినట్టు చెప్పడం మీ పని.

ఆ చెప్పడం గురించి ఒక మాట. కోర్టు బయట టైపు చేయించుకుంటే, అడగకుండానే ‘నన్ను బూతులు తిట్టి, చంపుతామని బెదిరించి’ అని ఒక వరస చేర్చే అలవాటు మనవైపు ఎంతోకాలంగా ఉంది. అలా రాస్తేనే కేసు కడతారని వాళ్ళ నమ్మకం. ఆవిడ మిమ్మల్ని బెదిరించలేదు, బతిమాలారు. అమ్మవారి మీద ఒట్టు కూడా వేశారు. లేనిది ఒక్కటి చేరిస్తే, ఉన్నవి పది కూడా విచారణలో అనుమానంలో పడతాయి. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం విడిగా ఒక నేరం, న్యాయ సంహిత 217వ సెక్షను. రెండు పేజీలు చాలు: చీటీ ఎప్పుడు మొదలైంది, ఎంత, ఎన్ని నెలలు, ఏయే తేదీల్లో ఎలా కట్టారు, పాట ఏ రోజు ఎవరి ఎదుట జరిగింది, ఎంత రావాలి, ఆవిడ ఏమన్నారు, ఎప్పటి నుంచి కనిపించడం లేదు, ఇల్లు ఎప్పుడు బదిలీ అయింది, ఆ ముగ్గురి సంగతి. కట్టిన 1,32,000, రావలసిన 1,70,000 రెండు అంకెలూ విడివిడిగా రాయండి. చీటీ పుస్తకం నకలే జత చేయండి. అసలు పుస్తకం దర్యాప్తు అధికారి కేసులో స్వాధీనం చేసుకుంటే రసీదుతో ఇవ్వండి గానీ, ఉట్టి చేతికి ఎవరికీ ఇవ్వకండి. ‘మార్గశిరం వెళ్ళనీ’ అన్న మాట వాట్సాప్‌లో గొంతుతో ఉందన్నారు కనుక ఆ ఫోనును మార్చకండి, అమ్మకండి, అందులోది ఏదీ తుడవకండి.

అర్జీ పట్టుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు మీకున్న హక్కులు ఇవి. వారెంటు లేకుండా దర్యాప్తు చేయదగిన నేరం జరిగినట్టు అర్జీలో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే వ్యాపార లావాదేవీల వివాదాల్లో ముందుగా కొంత విచారించుకోవచ్చని ఆ తీర్పే వెసులుబాటు ఇచ్చింది. ఇప్పటి సురక్షా సంహిత 173వ సెక్షను కూడా మూడేళ్ళు మొదలుకొని ఏడేళ్ళకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో (అయిదేళ్ళ నమ్మకద్రోహం ఇందులోకి వస్తుంది, ఏడేళ్ళ మోసం రాదు) డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించుకోవచ్చంటోంది. కాబట్టి వెంటనే కట్టలేదని వాదనకు దిగకండి. విచారణ చేస్తున్నారా, ఎవరి అనుమతితో, ఏ తేదీన మొదలైంది అన్నది మర్యాదగా అడిగి రాసుకోండి. ‘విచారిస్తున్నాం’ అన్న మాటకు గడువు ఉంటుందని మీకు తెలుసునని వారికి తెలిస్తే చాలు. సొమ్ము ఇచ్చినది గాజువాకలో, ఆవిడ ఉన్నది రాజమండ్రిలో కనుక అక్కడికి వెళ్ళమని ఎవరైనా అంటే, ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చని, పరిధితో పని లేదని అదే 173వ సెక్షను అంటుంది. సమాచారాన్ని రాసుకున్నాక మీకు చదివి వినిపించాలి, మీరు సంతకం చేయాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైనులో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి.

రాత్రి ఎనిమిదిన్నర పిలుపు నన్ను బాధించింది. సురక్షా సంహిత 179వ సెక్షను ప్రకారం, సాక్ష్యం కోసం ఎవరినైనా పిలవాలంటే దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా పిలవాలి. ఆడవారిని వారు నివసించే చోట తప్ప వేరే చోటికి రమ్మని ఒత్తిడి చేయరాదు. మీరు ఇష్టపడి స్టేషనుకు వెళ్ళవచ్చు, అది వేరు. ఈసారి ఫోను వస్తే, ‘నోటీసు పంపండి, ఇంటి దగ్గర చెబుతాను, లేదంటే పగటిపూట మా తమ్ముడితో వస్తాను’ అనండి. అది ధిక్కారం కాదు. ఇంకొక తేడా కూడా తెలుసుకోండి: మీ ఫిర్యాదు మీద మీ సంతకం ఉండాలి, కానీ దర్యాప్తులో మీరు చెప్పినదాన్ని పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదు. ఈ రెండూ కలగలిసిపోయి, ‘ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాం’ అనేవారు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు.

స్టేషనులో కదలిక లేకపోతే, అదే అర్జీని పోస్టులో పై అధికారికి పంపాలి. చట్టంలో ఎస్పీ అని ఉంటుంది. విశాఖ నగరం కమిషనరేటు కనుక పోలీసు కమిషనరుకు పంపండి, పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో స్వయంగా ఇచ్చినా మంచిదే, అక్కడ నమోదు సంఖ్య ఇస్తారు. అయినా పోస్టులో పంపడం మానకండి, ఎందుకంటే ఆ తరువాతి మెట్టు ఎక్కాలంటే ఈ మెట్టు ఎక్కిన రుజువు కావాలి. ఆ తరువాతి మెట్టు మేజిస్ట్రేటు కోర్టు: సురక్షా సంహిత 175వ సెక్షను మూడవ ఉపసెక్షను కింద, ప్రమాణపత్రం జతచేసి, దర్యాప్తుకు ఆదేశించమని కోరవచ్చు. అక్కడికి వెళ్ళేటప్పుడు వకీలు అవసరం. మీరు స్త్రీ కనుక, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మీ ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. మీవారి పేర అర్జీ పెడితే ఈ సౌకర్యం ఇలా నేరుగా రాదు, కాబట్టి చీటీ ఎవరి పేర ఉందో వారే, అంటే మీరే, ఫిర్యాదుదారుగా ఉండండి. ఎఫ్ఐఆర్ అయ్యాక 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయడం పోలీసుల బాధ్యత, సురక్షా సంహిత 193వ సెక్షను.

ఇంతవరకు చెప్పినదంతా కేసు గురించి. డబ్బు గురించి చెబుతాను, ఇక్కడ మీకు కొంత నిరాశ తప్పదు. ఎఫ్ఐఆర్ అయితే డబ్బు వస్తుందని అనుకోవద్దు. క్రిమినల్ కేసు నేరానికి శిక్ష కోసం. అది ఎదుటివారిని రాజీకి తేవచ్చు, తేకపోవచ్చు. సురక్షా సంహితలో 107వ సెక్షను అని ఒక కొత్త ఏర్పాటు ఉంది: నేరం వల్ల వచ్చిన సొమ్ముతో కూడబెట్టిన ఆస్తిని దర్యాప్తు అధికారి పై అధికారి ఆమోదంతో కోర్టు ద్వారా జప్తు చేయించి, చివరకు బాధితులకు పంచే వీలు కల్పించారు. అది అడగనిదే ఎవరూ గుర్తుచేయరు, కాబట్టి అర్జీ చివర అడగండి. బాధితులు ఎక్కువమంది కలిసి వస్తే 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల పరిరక్షణ చట్టాన్ని కూడా పరిశీలించమని కోరవచ్చు; అందులోనూ ఆస్తుల జప్తు ఉంది. ఈ రెండింటికీ కాలం పడుతుంది. మాఘమాసం పెళ్ళికి ఈ డబ్బు వస్తుందన్న లెక్క మాత్రం ఇవాళే కొట్టేయండి. పెళ్ళి ఖర్చు వేరే దారిలో చూసుకుంటేనే, తొందరలో తప్పుడు రాజీకి ఒప్పుకోకుండా ఉండగలరు.

సివిల్ దావా వేరుగా వేయవచ్చు, రెండూ ఒకేసారి నడవవచ్చు. దావాకు మూడేళ్ళ గడువు. నమోదు లేని చీటీ కనుక దావా చెల్లదని అవతలి వకీలు తప్పకుండా వాదిస్తారు. పాట సొమ్ము అడగాలా, కట్టిన సొమ్ము తిరిగి ఇమ్మని అడగాలా అన్నది మీ వకీలుతో ముందే తేల్చుకోండి. ఆస్తి చేతులు మారిపోతోందన్న భయం ఉంటే తీర్పుకు ముందే జప్తు కోరే వీలుంది. ఐపీ గురించి జనం అనుకునేంత భయపడనక్కర్లేదు. 1920 దివాలా చట్టం కింద ఆవిడ దరఖాస్తు పెడితే అందులో రుణదాతల జాబితా ఇవ్వాలి. నోటీసు వస్తే పారేయకుండా వెళ్ళి అభ్యంతరం చెప్పాలి, మీ పేరు జాబితాలో లేకపోతే చేర్పించుకోవాలి. దివాలా ప్రకటించాక ఆ కోర్టు అనుమతి లేకుండా దావా వేయలేరన్న ఇబ్బంది ఉంది. కానీ మోసం వల్ల ఏర్పడిన బాకీ నుంచి దివాలా విముక్తి ఇవ్వదని ఆ చట్టం 44వ సెక్షను చెబుతోంది. ప్రతిఫలం లేకుండా ఇచ్చిన ఆస్తి, ఇచ్చిన రెండేళ్ళలోపు దివాలా దరఖాస్తు పడితే, ఆ బదిలీని రద్దు చేయించే అవకాశం 53వ సెక్షనులో ఉంది. అంటే శ్రావణంలో రాసిన ఆ దాన దస్తావేజుతో ఐపీ పెట్టడం ఆవిడకే చిక్కు కావచ్చు.

50,000 సంగతి. తీసుకోవద్దని నేను అనను. పూర్తిగా రాదన్న అనుమానం ఉన్నచోట కొంత ముందే అందడం కొందరికి మేలు. కానీ తెల్లకాగితం మీద సంతకం పెడితే, ఆ సంతకం పైన రేపు ఏం రాసుకుంటారో మీకు తెలియదు. మొత్తం ముట్టింది, ఇక ఏ కేసూ లేదు అని రాసుకోవచ్చు. ఆ ముగ్గురి సొమ్ము కూడా మీకే ఇచ్చామని రాసుకుంటే ఇంకా ప్రమాదం. తీసుకునేట్టయితే బ్యాంకు ద్వారా తీసుకోండి. ‘రావలసిన దానిలో 50,000 ముట్టింది, మిగతాది ఫలానా తేదీలోగా’ అని నిండుగా రాసిన కాగితం మీద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు పెట్టండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. అంతకన్నా మంచిది న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందు దశలోనే అర్జీ వేసి లోక్ అదాలత్‌లో రాజీ పడటం. ఖర్చు లేదు, అక్కడి అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, మాట తప్పితే నేరుగా అమలు కోరవచ్చు. అవతలివారు రాకపోతే మాత్రం అది అక్కడితో ఆగుతుంది. డబ్బు వివాదాన్ని తెంపి తీర్పు చెప్పే అధికారం పోలీసు స్టేషనుకు లేదు.

మీవారితో ఒక మాట చెప్పండి. కేసు పెడితే ఇక రాజీకి తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. ఈ మోసం కేసులో కోర్టు అనుమతితో తరువాత కూడా రాజీ పడవచ్చు. చుట్టరికం కోసం వెనక్కి తగ్గాలనుకుంటే ఆ రోజు కూడా ఉంటుంది. ఈలోగా జరిగేది, ఎవరు ముందు కాగితం మీద రాశారన్నది స్థిరపడటం. ఆయన భయం తప్పని నేను అనను, పెళ్ళిలో ఆ వైపు బంధువులు రాకపోవచ్చు. అది మీరిద్దరూ తూచుకోవలసినది, వకీలు తూచేది కాదు. ఊరుకుంటే ఏమవుతుందన్నది మాత్రం ఆయనకు కనిపించాలి: కొత్త చీటీ సభ్యులో, ఆ ముగ్గురో ముందుగా ఫిర్యాదు చేస్తే, అందులో మీరు బాధితురాలిగా కాక మధ్యవర్తిగా కనిపిస్తారు.

ఆ ముగ్గురిని శత్రువులుగా చూడకండి. వాళ్ళు కట్టింది మీ ముఖం చూసే, ఆ మాట నిజమే. స్టేటుమెంటు ముందు పెట్టి, వాళ్ళ డబ్బు ఏ తేదీన ఆవిడకు చేరిందో చూపించండి. మీతో కలిసి అదే అర్జీలో సంతకం పెట్టమనండి. నలుగురు బాధితుల అర్జీకి ఉండే బరువు ఒక్కరిదానికి ఉండదు, పైగా మీమీద ఫిర్యాదు చేయవలసిన వాళ్ళే మీ సాక్షులవుతారు. ఇందులో ఇంకొక దారి, మీరు ఉత్తరంలో అనుకుంటున్నది: గాజులు కుదువపెట్టి ముగ్గురికీ మీరే ఇచ్చేయడం. మనసుకు ఊరట కావచ్చు, కానీ చట్టం మిమ్మల్ని అది అడగదు, తిరిగి వస్తుందన్న హామీ లేదు. ఇవ్వదలచుకుంటే రసీదు తీసుకుని, వారికి ఆవిడ ఇవ్వవలసిన సొమ్మును వారి తరఫున ఇచ్చానని అందులో రాయించండి. ఎవరు అడిగినా ప్రామిసరీ నోటు మాత్రం రాసివ్వకండి. ఆ క్షణం నుంచి ఆవిడ బాకీ మీ బాకీ అయిపోతుంది.

తాళం వేసిన ఆ ఇంటికి వెళ్ళి ఫ్రిజ్జో, మంచాలో తెచ్చుకుందామని కాలనీలో కొందరు అంటున్నారని రాశారు. వెళ్ళవద్దు. అలా సామాను మోసుకొచ్చిన చీటీ సభ్యులు, ఫిర్యాదుదారులుగా వచ్చి నిందితులుగా మిగిలిన కేసులో నేను వాదించాను. ఆవిడ ఫొటో ‘దొంగ’ అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా అటువంటిదే.

ఈ వారానికి మీ పని మూడు కాగితాలు తెచ్చుకోవడం: బ్యాంకు స్టేటుమెంటు, ఆ ఇంటి ఈసీ, దాన దస్తావేజు నకలు. అవి చేతికి వచ్చాక, ఆరవ పేజీలో నాకు రాసినది అర్జీ రెండవ పేరాలో రాయండి. పూర్తయిన అర్జీని మీ ఇద్దరితో పాటు ఆ ముగ్గురిలో ఒకరికి కూడా వినిపించి, వాళ్ళు ‘అవును, ఇలాగే జరిగింది’ అన్నాకనే స్టేషనుకు తీసుకువెళ్ళండి. రెండవ ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయనంటే ఆ రోజే అక్కడి నుంచే పోస్టాఫీసుకు వెళ్ళండి.